పైన ట్యాలీ, కింద ల్యాప్‌టాప్: ఒకే ఇంట్లో రిమోట్ డెస్క్‌టాప్ కలవని కేసు

గుంటూరులో రెండంతస్తుల ఇల్లు. పై గదిలో ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ నడిచే డెస్క్‌టాప్, అందులో విండోస్ 11 ప్రో. కింద హాల్లో ల్యాప్‌టాప్, అందులో విండోస్ 11 హోమ్. జీఎస్టీ లెక్కలు చూసే ఇంటాయనకు మోకాళ్ళ నొప్పి. పైకెక్కకుండా హాల్లో కూర్చునే ట్యాలీ నడుపుకోవాలన్నది ఆయన అవసరం.

సమస్య మూడు రకాలుగా కనిపించింది. ఒక కంప్యూటర్ తెరను ఇంకో కంప్యూటర్ నుంచి నడిపించే విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ ఒక్కోసారి ఇట్టే కలుస్తుంది, ఎక్కువసార్లు కలవదు. కలిసిన రోజున కూడా పాస్‌వర్డ్ తప్పంటుంది. కరెంటు పోయి వచ్చిందంటే ఇక ఆ రోజుకు పని లేనట్టే. ఇంతకు ముందు చూసినవాళ్ళు మూడు మార్పులు చేసి వెళ్ళారు: డెస్క్‌టాప్‌లో విండోస్ ఫైర్‌వాల్ ఆపేశారు, నెట్‌వర్క్ లెవెల్ అథెంటికేషన్ (లాగిన్ తెర తెరవకముందే పాస్‌వర్డ్ అడిగే రక్షణ) టిక్కు తీసేశారు, ఫైబర్ మోడెమ్‌లో రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును ఫార్వర్డ్ చేశారు, అంటే బయటి నుంచి ఆ పోర్టును తట్టినవాళ్ళను లోపలికి పంపేలా పెట్టారు. మూడూ ప్రమాదకరమైనవే, పైగా ఒక్కటీ అసలు జబ్బుకు తగిలిన మందు కాదు.

ఇలాంటి కేసుల్లో దారి తప్పించేది తెర మీద వచ్చే మెసేజే. రిమోట్ యాక్సెస్ ఆన్‌లో లేకపోవచ్చు, కంప్యూటర్ ఆఫ్‌లో ఉండొచ్చు, నెట్‌వర్క్‌లో దొరకకపోవచ్చు అని మూడూ కలిపి చెప్పేస్తుంది. రౌటర్ తప్పైనా, ఫైర్‌వాల్ తప్పైనా, కంప్యూటర్ నిద్రపోయినా అదే మెసేజ్. దాన్ని చదివి ఊహించే బదులు డెస్క్‌టాప్ దగ్గర మొదలుపెట్టి ఒక్కో మెట్టు దిగుతూ ల్యాప్‌టాప్ దాకా రావాలి. ఏ మెట్టు దగ్గర తెగిందో తెలిసేదాకా ఒక్క సెట్టింగు కూడా మార్చకూడదు.

డెస్క్‌టాప్ దగ్గర

మొదట ఎడిషన్. పిలిపించుకునే కంప్యూటర్‌లో ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్‌లలో ఏదో ఒకటి ఉండాలి. హోమ్ ఎడిషన్ ఇంకో కంప్యూటర్‌ను పిలవగలదు, తాను పలకలేదు. ఇక్కడ పైన ప్రో, కింద హోమ్. సరిగ్గా కావలసిన వరసే. తిరగబడి ఉంటే కేసు అక్కడే ముగిసేది.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రిమోట్ డెస్క్‌టాప్ ఆన్‌లోనే ఉంది. ఆ మీట ఆన్‌లో కనిపించినంత మాత్రాన సరిపోదు, పోర్టు దగ్గర ఎవరైనా నిజంగా వింటున్నారా అన్నది చూడాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌స్టాట్ కమాండ్ ఇచ్చి 3389 కోసం వెతికితే 0.0.0.0:3389 ఎదురుగా లిజనింగ్ అని వచ్చింది. అంటే సర్వీస్ బతికే ఉంది. ఈ పరీక్షను డెస్క్‌టాప్ దగ్గరే చేయాల్సిన కారణం ఒకటుంది. విండోస్ ఫైర్‌వాల్ ఆన్‌లో ఉన్నప్పుడు, ఎవరూ వినని పోర్టును తట్టినా ‘లేదు’ అన్న జవాబు రాదు, మౌనమే వస్తుంది. ఫైర్‌వాల్ అడ్డుకున్నా మౌనమే. బయట నిలబడి ఈ రెండు మౌనాలను వేరు చేయలేం.

రెండు అడ్రసులు, రెండు ఊళ్ళు

తర్వాత రెండు కంప్యూటర్లలోనూ అడ్రసులు చూపే ఐపీకాన్ఫిగ్ కమాండ్ ఇచ్చాం. డెస్క్‌టాప్ అడ్రస్ 192.168.0.104, దాని గేట్‌వే (బయటికి దారి ఇచ్చే రౌటర్) 192.168.0.1. ల్యాప్‌టాప్ అడ్రస్ 192.168.1.7, గేట్‌వే 192.168.1.1. చివరి నుంచి రెండో అంకె చూడండి, ఒకచోట 0, ఇంకోచోట 1. ఇల్లు ఒకటే, నెట్‌వర్కులు రెండు.

మన ఇళ్ళలో ఈ అమరిక చాలా మామూలు. ఫైబర్ కంపెనీవాళ్ళు ఓఎన్‌టీ డబ్బా (ఇందాకటి ఫైబర్ మోడెమ్ ఇదే) కింద హాల్లో బిగిస్తారు, దానికి సొంత వైఫై ఉంటుంది. పైకి సిగ్నల్ అందదు కాబట్టి ఇంకో రౌటర్ కొని, ఓఎన్‌టీ నుంచి ల్యాన్ కేబుల్ లాగి, ఆ రౌటర్‌కు రంగు తేడాగా ఉన్న వ్యాన్ పోర్టులో, అంటే ఇంటర్నెట్ లోపలికి వచ్చే పోర్టులో గుచ్చుతారు. ఇంటర్నెట్ వస్తుంది, పని అయిపోయిందనుకుంటారు. కానీ ఆ పోర్టులో గుచ్చిన క్షణం నుంచి పై రౌటర్ తన వెనక వేరే నెట్‌వర్క్ పెట్టుకుంటుంది. తన వెనకున్న కంప్యూటర్లన్నిటినీ ఒక్క అడ్రస్ చాటున దాస్తుంది. ఇక్కడ ఆ అడ్రస్ 192.168.1.4.

ఈ గోడకు ఒకవైపే తలుపు. పైనుంచి కిందికి రావచ్చు, కిందనుంచి పైకి పోలేం. ల్యాప్‌టాప్ 192.168.0.104 కావాలని అడిగితే ఓఎన్‌టీకి ఆ నెట్‌వర్క్ ఎటుందో తెలియదు. ఆ ప్యాకెట్‌ను బయటికి, ఫైబర్ కంపెనీ వైపు తోసేస్తుంది, అది అక్కడే పోతుంది. దీన్ని బ్రౌజర్ ఒక్కదానితో తేల్చుకోవచ్చు. డెస్క్‌టాప్‌లో 192.168.1.1 కొడితే ఓఎన్‌టీ లాగిన్ పేజీ తెరుచుకుంది. ల్యాప్‌టాప్‌లో 192.168.0.1 కొడితే ఏమీ రాలేదు. అవతలి కంప్యూటర్ పలుకుతుందో లేదో చూసే పింగ్ కమాండ్‌ను నమ్ముకుంటే మాత్రం మోసపోతాం. విండోస్ సాధారణంగా పింగ్‌కు జవాబివ్వదు కాబట్టి, పింగ్ రాలేదంటే దారి లేదని అర్థం కాదు.

మరి ఒక్కోసారి ఎలా కలిసింది? రెండు డబ్బాలకూ ఒకటే వైఫై పేరు, ఒకటే పాస్‌వర్డ్ పెట్టారు. ల్యాప్‌టాప్ మెట్ల దగ్గరికి వస్తే పై రౌటర్‌ను పట్టుకుంటుంది, హాల్లో సోఫా దగ్గర ఓఎన్‌టీని పట్టుకుంటుంది. తెర మీద పేరు మాత్రం మారదు. పైదాన్ని పట్టుకున్నప్పుడు ల్యాప్‌టాప్ కూడా 192.168.0 నెట్‌వర్క్‌లోకి వస్తుంది, రిమోట్ డెస్క్‌టాప్ కలుస్తుంది. ఎప్పుడు కలుస్తుందో తెలియని సమస్య ఎదురైనప్పుడు, కలిసినప్పుడూ కలవనప్పుడూ ల్యాప్‌టాప్ గేట్‌వే ఏదో రాసుకుంటే నాలుగైదు సార్లలో గుట్టు తెలిసిపోతుంది.

పరిష్కారం: పై రౌటర్ చేత రౌటర్ పని మాన్పించి, ఉత్త వైఫై యాక్సెస్ పాయింట్‌గా, అంటే ఓఎన్‌టీ నెట్‌వర్క్‌నే వైఫైగా అందించే డబ్బాగా మార్చడం. చాలా రౌటర్లలో ఆపరేషన్ మోడ్ అనే చోట యాక్సెస్ పాయింట్ అని నేరుగా ఉంటుంది. ఇందులో లేదు కాబట్టి చేత్తో చేయాల్సి వచ్చింది, అక్కడ వరస ముఖ్యం. ముందు ఓఎన్‌టీ పేజీలో అది పంచే అడ్రసులు ఎక్కడినుంచి మొదలవుతున్నాయో చూడాలి. ఇది 192.168.1.2 నుంచే పంచుతోంది, దాన్ని 192.168.1.100 నుంచి 192.168.1.200 వరకు అని మార్చాం. ఆ తర్వాత పై రౌటర్ నుంచి ఓఎన్‌టీ కేబుల్ తాత్కాలికంగా పీకి, దాని ల్యాన్ అడ్రస్‌ను 192.168.1.2గా పెట్టి సేవ్ చేశాం. రౌటర్ రీస్టార్ట్ అయ్యాక కొత్త అడ్రస్‌తో మళ్ళీ లాగిన్ అయి, అప్పుడు డీహెచ్‌సీపీ (అడ్రసులు పంచే పని) ఆపేశాం. చివరగా కేబుల్‌ను వ్యాన్ పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులో గుచ్చాం. వ్యాన్ పోర్టు ఖాళీగా ఉండిపోవాలి.

వరస తప్పి డీహెచ్‌సీపీ ముందే ఆపేస్తే, పాత అడ్రస్ మీదున్న రౌటర్‌లోకి వెళ్ళడానికి కంప్యూటర్‌కు చేత్తో అడ్రస్ ఇచ్చుకోవాల్సి వస్తుంది. అసలు ఆపడమే మరిచిపోతే ఇంకా చెడ్డది. ఒకే నెట్‌వర్క్‌లో ఇద్దరు అడ్రసులు పంచుతుంటే, కొన్ని ఫోన్లకు తప్పు గేట్‌వే వచ్చి వాటిలో ఇంటర్నెట్టే ఆగిపోతుంది. అదీ ఒక రోజు ఒక ఫోన్‌కు, మర్నాడు ఇంకో ఫోన్‌కు.

పై రౌటర్‌ను అలాగే ఉంచి దానిలోనే 3389 ఫార్వర్డ్ చేసి, ల్యాప్‌టాప్‌ను 192.168.1.4కు కలపమనే సలహా కూడా వినిపిస్తుంది. పని చేస్తుంది, కానీ రేపు ప్రింటర్‌కూ ఫైల్ షేరింగ్‌కూ ఇదే గోడ అడ్డొస్తుంది. పై వాటా అద్దెకిచ్చి, వాళ్ళ నెట్‌వర్క్ వేరుగా ఉండాలనుకుంటేనే రెండు నెట్‌వర్కులకు అర్థం.

ఇప్పుడు రెండు వైఫైలకూ ఒకే పేరు ఉన్నా ఇబ్బంది లేదు. ఒకదాని సిగ్నల్ ఇంకోదానికి అడ్డురాకుండా 2.4 గిగాహెర్ట్జ్‌లో కింది డబ్బాకు 1వ ఛానల్, పైదానికి 11 పెట్టాం.

దారి పడింది, తలుపు తెరుచుకోలేదు

డెస్క్‌టాప్ కేబుల్ ఒకసారి పీకి పెట్టగానే 192.168.1.112 అడ్రస్ వచ్చింది. ల్యాప్‌టాప్‌లో పవర్‌షెల్ తెరిచి టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండ్‌కు ఆ అడ్రస్, పోర్ట్ 3389 ఇచ్చాం. టీసీపీ పరీక్ష ఫలితం ఫాల్స్, అంటే పోర్టు దాకా చేరలేదు.

ఈ దశలో అనుమానించాల్సినవి రెండు. వైఫైలో ఒక పరికరం ఇంకో పరికరాన్ని చూడకుండా ఆపే ఐసొలేషన్ ఒకటి, గెస్ట్ వైఫైలో ఇది మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. రెండోది డెస్క్‌టాప్‌లోని ఫైర్‌వాల్. వీటిని విడదీసే పరీక్ష చాలా తేలిక. విఫలమైన ప్రయత్నం తర్వాత వెంటనే ల్యాప్‌టాప్‌లో ఏఆర్‌పీ పట్టిక (అదే నెట్‌వర్క్‌లో ఏ అడ్రస్ ఏ పరికరానిదో రాసుకునే జాబితా) చూడాలి. ఐసొలేషన్ ఉంటే డెస్క్‌టాప్ హార్డ్‌వేర్ అడ్రస్ ఆ పట్టికలో కనిపించదు. ఫైర్‌వాల్ అయితే కనిపిస్తుంది, ఎందుకంటే ఫైర్‌వాల్ పోర్టులను ఆపుతుంది గానీ ఏఆర్‌పీని ఆపదు. ఇక్కడ 192.168.1.112 పక్కన హార్డ్‌వేర్ అడ్రస్ చక్కగా ఉంది. వైఫై నిర్దోషి.

విండోస్ ఫైర్‌వాల్ ఆఫ్‌లోనే ఉందిగా, మరి ఆపేదెవరు? డెస్క్‌టాప్‌లో డబ్బు కట్టి వేయించుకున్న యాంటీవైరస్ ఉంది, దానికి సొంత ఫైర్‌వాల్ ఉంది. ఇలాంటివి ఇన్‌స్టాల్ అయినప్పుడు విండోస్ ఫైర్‌వాల్ నుంచి కాపలా తామే తీసుకుంటాయి. కాబట్టి ముందువాళ్ళు ఆపేసింది అప్పటికే పక్కన కూర్చున్న కాపలాదారును. పైగా నెట్‌వర్క్ మారాక యాంటీవైరస్ దీన్ని కొత్త నెట్‌వర్క్‌గా చూసి పబ్లిక్ జాబితాలో వేసింది. రైల్వేస్టేషన్ వైఫైకి వర్తించే కట్టుబాట్లన్నీ సొంతింటికి వర్తించాయి.

యాంటీవైరస్ నెట్‌వర్క్ జాబితాలో ఈ నెట్‌వర్క్‌ను నమ్మకమైనదిగా మార్చి, 3389 టీసీపీకి, యూడీపీకి లోపలికి వచ్చే రూల్ ఒకటి చేర్చాం. పంపేవాళ్ళ అడ్రస్ దగ్గర ‘ఎవరైనా’ అని వదలకుండా 192.168.1.0/24 అని, అంటే 192.168.1తో మొదలయ్యే ఇంటి అడ్రసులు మాత్రమే అని రాశాం. విండోస్‌లోనూ నెట్‌వర్క్‌ను ప్రైవేట్ చేసి, ఆపేసిన ఫైర్‌వాల్‌ను తిరిగి ఆన్ చేశాం. రేపు యాంటీవైరస్ గడువు తీరి తీసేసినప్పుడు ఇల్లు తలుపుల్లేకుండా ఉండకూడదు. టెస్ట్-నెట్‌కనెక్షన్ ఈసారి ట్రూ అంది.

పిన్ వేరు, పాస్‌వర్డ్ వేరు

ఇప్పుడు లాగిన్ పెట్టె వచ్చింది, పాస్‌వర్డ్ తప్పంది. ఇది మంచి వార్త. ఈ మెసేజ్ వచ్చిందంటే నెట్‌వర్క్ మొత్తం బాగున్నట్టే, ఇక రౌటర్ జోలికి వెళ్ళనక్కర్లేదు. డెస్క్‌టాప్‌లోని ఈవెంట్ వ్యూయర్ సెక్యూరిటీ లాగ్‌లో, లాగిన్ విఫలమైందని చెప్పే 4625 నంబరు ఎంట్రీ కనిపిస్తే ఆ మాట ఖాయం.

ఇంటాయన మైక్రోసాఫ్ట్ ఖాతాతో డెస్క్‌టాప్ వాడుతున్నారు, రోజూ తెరిచేది నాలుగంకెల పిన్‌తో. రిమోట్ డెస్క్‌టాప్ పెట్టెలో కూడా ఆ పిన్నే కొడుతున్నారు. పిన్ ఆ ఒక్క కంప్యూటర్‌కే సొంతం, నెట్‌వర్క్ మీదుగా చెల్లదు. అసలు పాస్‌వర్డ్ కొట్టినా మొదట కుదరలేదు. పిన్‌తోనే మొదలైన కంప్యూటర్‌లో ఆ ఖాతా పాస్‌వర్డ్‌తో ఎప్పుడూ తెరవకపోతే, సరిచూసుకోవడానికి దాని దగ్గర ఏమీ ఉండదు. అందుకని డెస్క్‌టాప్‌లో సెట్టింగ్స్, అకౌంట్స్, సైన్-ఇన్ ఆప్షన్స్‌కు వెళ్ళి, మైక్రోసాఫ్ట్ ఖాతాలకు విండోస్ హలో మాత్రమే అనుమతించే మీటను ఆఫ్ చేయాలి. లాక్ చేసి, ఒక్కసారి పాస్‌వర్డ్‌తో తెరవాలి. ఆ తర్వాత రోజూ పిన్ వాడుకున్నా ఫర్వాలేదు.

ల్యాప్‌టాప్‌లో యూజర్ పేరు దగ్గర మైక్రోసాఫ్ట్‌అకౌంట్ అనే మాట, వెనక్కి వాలిన గీత, ఆ తర్వాత పూర్తి ఈమెయిల్ ఇవ్వాలి. పాత తప్పుడు వివరాలు ల్యాప్‌టాప్ దాచుకుని మళ్ళీ మళ్ళీ అవే పంపుతుంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లోని క్రెడెన్షియల్ మేనేజర్‌లో, విండోస్ క్రెడెన్షియల్స్ కింద ఈ డెస్క్‌టాప్ పేరుతోనో అడ్రస్‌తోనో ఉన్నవాటిని తీసేశాం. తొందరపడి పదేపదే ప్రయత్నించకూడదు. ఈ మధ్య ఇన్‌స్టాల్ చేసిన విండోస్ 11లో 10 తప్పులకు ఖాతా 10 నిమిషాలు లాక్ అవుతుంది, ఆ సమయంలో సరైన పాస్‌వర్డ్ కొట్టినా లాభం లేదు.

పాస్‌వర్డే లేని లోకల్ ఖాతా ఉన్న ఇళ్ళలో ఇంకో ఇబ్బంది. ఖాళీ పాస్‌వర్డ్‌తో రిమోట్‌గా రానివ్వకపోవడం విండోస్ సహజ నియమం. ఆ నియమాన్ని ఎలా తీసేయాలో చెప్పే చిట్కాలు పాటించకుండా, పాస్‌వర్డ్ పెట్టుకోవడమే సరి.

తీసేసిన నెట్‌వర్క్ లెవెల్ అథెంటికేషన్ టిక్కు ఇక్కడే తిరిగి పెట్టాం. అది లేకపోతే పాస్‌వర్డ్ అడగకముందే లాగిన్ తెర తెరుచుకుంటుంది. 2019లో బయటపడిన బ్లూకీప్ లోపం, పాస్‌వర్డ్ తెలియనివాళ్ళు కూడా పాత విండోస్‌లలోకి రిమోట్ డెస్క్‌టాప్ దారిన చొరబడేంతటిది. ఈ టిక్కు ఉన్నచోట ముందు లాగిన్ వివరాలు ఉంటే తప్ప అది సాగేది కాదు.

ట్యాలీ వాడేవాళ్ళకు ఒక మాట. ప్రో ఎడిషన్‌లో ఒక్కసారికి ఒక్కరే పని చేయగలరు. కింద నుంచి కలవగానే పై తెర లాక్ అవుతుంది. రిమోట్ కోసమని వేరే ఖాతా తెరిస్తే, పైన సగంలో ఉన్న వోచర్ ఆ ఖాతాలో కనిపించదు. రెండు చోట్లా ఒకే ఖాతా వాడితే ఆపినచోటి నుంచే సాగుతుంది.

కరెంటు పోయి వచ్చాక

దీనికి కారణం ఒకటి కాదు, మూడు. కరెంటు పోయి వచ్చినప్పుడు ఓఎన్‌టీ పాత జాబితా మరిచిపోయి అడ్రసులు కొత్తగా పంచుతుంది, ల్యాప్‌టాప్ మాత్రం పాత అడ్రస్‌నే తడుతూ ఉంటుంది. డెస్క్‌టాప్ దానంతట అది ఆన్ అవ్వదు. ఆన్ చేసినా కాసేపటికి నిద్రపోతుంది. నిద్రపోయిన కంప్యూటర్‌ను రిమోట్ డెస్క్‌టాప్ లేపలేదు.

అడ్రస్‌కు ఓఎన్‌టీలో రిజర్వేషన్ పెట్టాం: డెస్క్‌టాప్ కేబుల్ కార్డు హార్డ్‌వేర్ అడ్రస్‌కు ఎప్పుడూ 192.168.1.150. వైఫై మీద నడిచే డెస్క్‌టాప్ అయితే ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రస్ ఆఫ్‌లో ఉందో లేదో చూడాలి, లేకపోతే రిజర్వేషన్ పట్టదు. బయాస్‌లో (విండోస్ మొదలవకముందు తెరిచే మదర్‌బోర్డు సెట్టింగులు) పవర్ మేనేజ్‌మెంట్ కింద, కరెంటు వచ్చాక ఏం చేయాలన్న ఆప్షన్‌ను పవర్ ఆన్‌కు మార్చాం. మదర్‌బోర్డును బట్టి దాని పేరు మారుతుంది. స్లీప్‌ను నెవర్ చేశాం, తెర మాత్రం 10 నిమిషాలకు ఆరిపోతుంది. డెస్క్‌టాప్‌కు ముందే యూపీఎస్ ఉంది. ఓఎన్‌టీకి, పై రౌటర్‌కు లేదు. ఆ రెండు చిన్న డబ్బాలకు బ్యాటరీ బ్యాకప్ లేకపోతే, పెద్ద యూపీఎస్ పెట్టి డెస్క్‌టాప్‌ను బతికించినా దాన్ని చేరే దారి ఉండదు. 12 వోల్టుల రౌటర్ యూపీఎస్‌లు రెండు పెట్టాం. కొనేముందు అడాప్టర్ మీద వోల్టేజీ, ఆంపియర్లు చదవాలి, 9 వోల్టుల రౌటర్లూ ఉన్నాయి.

ఇంటి బయట నుంచి

ఇంటాయన అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. అప్పుడప్పుడు లెక్కలు సరిచూడటానికి ఆమెకూ ఈ డెస్క్‌టాప్ కావాలి. ముందువాళ్ళు 3389 ఫార్వర్డ్ చేసింది ఇందుకే. అది ఒక్కరోజు కూడా పని చేయలేదు, కారణం ఓఎన్‌టీ స్టేటస్ పేజీలోనే ఉంది. బయటివైపు అడ్రస్ 100తో మొదలై, రెండో అంకె 64కు 127కు మధ్యలో ఉంది. ఇది ఇంటర్నెట్ కంపెనీ చాలామంది కస్టమర్లను ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక ఉంచే సీజీనాట్ వరస. బయటి నుంచి తట్టినవాళ్ళు కంపెనీ దగ్గరే ఆగిపోతారు, మన ఓఎన్‌టీ దాకా రారు. ఇంట్లో ఎన్ని పోర్టులు తెరిచినా వృథా. సీజీనాట్, పై రౌటర్ గోడ కలిసి ఈ ఇంటికి రక్షణ అయ్యాయి, లేకుంటే ఇన్నాళ్ళూ లెక్కల కంప్యూటర్ లాగిన్ తెర ప్రపంచమంతటికీ తెరిచి ఉండేది. ఆ రూల్ తీసేశాం.

దాని బదులు రెండు చివరలా టెయిల్‌స్కేల్ పెట్టాం, ఇది దూరంగా ఉన్న కంప్యూటర్లను ఒకే సొంత నెట్‌వర్క్‌లా కలిపే వీపీఎన్ సాఫ్ట్‌వేర్. రెండు కంప్యూటర్లూ లోపలి నుంచి బయటికే వెళ్ళి కలుసుకుంటాయి కాబట్టి సీజీనాట్ అడ్డురాదు. కలిశాక కూడా 3389 పరీక్ష ఫాల్స్ అంది. మనం రాసిన రూలే ఇప్పుడు అడ్డం: 192.168.1.0/24 వాళ్ళనే రమ్మన్నాం, టెయిల్‌స్కేల్ ఇచ్చే అడ్రసులేమో 100.64.0.0/10 వరసలోవి. రూల్‌లో ఆ వరస కూడా చేర్చగానే తెరుచుకుంది.

డెస్క్‌టాప్‌లో టెయిల్‌స్కేల్‌కు ఇంకో రెండు మార్పులు తప్పనిసరి. ఎవరూ లాగిన్ కాకపోయినా నడిచేలా రన్ అన్‌అటెండెడ్ ఆన్ చేయాలి. లేకపోతే కరెంటు వచ్చి కంప్యూటర్ దానంతట అది లేచినా, ఎవరో పైకెళ్ళి పిన్ కొట్టేదాకా డల్లాస్‌కు కనిపించదు. రెండోది, టెయిల్‌స్కేల్ అడ్మిన్ పేజీలో ఈ కంప్యూటర్‌కు కీ ఎక్స్‌పైరీ (మళ్ళీ లాగిన్ అవమని అడిగే గడువు) ఆపేయాలి. మామూలుగా దాని గడువు 180 రోజులు. ఆర్నెల్లు బాగా నడిచి ఒక రోజు ఉన్నట్టుండి ఆగిపోయిందంటే, ముందు చూడాల్సింది ఇదే.

అమ్మాయి ఇంట్లోనూ నెట్‌వర్క్ 192.168.1 అయినా నష్టం లేదు, డెస్క్‌టాప్ టెయిల్‌స్కేల్ అడ్రస్‌కే కలవాలి. 192.168.1.150 కొడితే ఆమె ఇంట్లోనే వెతుకుతుంది.

చివరి పరీక్ష

డెస్క్‌టాప్‌ను యూపీఎస్ నుంచి తీసి నేరుగా గోడ సాకెట్‌కు పెట్టి, మెయిన్ ఆఫ్ చేశాం. 5 నిమిషాల తర్వాత ఆన్ చేసి, పైకి ఎవరూ వెళ్ళకుండా చూశాం. డెస్క్‌టాప్ దానంతట అది లేచింది, అడ్రస్ 192.168.1.150. హాల్లో సోఫా దగ్గర నుంచి ఒకసారి, మెట్ల కింద నుంచి ఒకసారి, ల్యాప్‌టాప్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి టెయిల్‌స్కేల్ మీదుగా మూడోసారి కలిపి చూశాం. మూడుసార్లూ ట్యాలీ తెరుచుకుంది. డెస్క్‌టాప్‌ను తిరిగి యూపీఎస్‌కు పెట్టి, ఓఎన్‌టీ పక్కన గోడకు చీటీ అంటించాం: ఓఎన్‌టీ 192.168.1.1, పై వైఫై 192.168.1.2, ట్యాలీ కంప్యూటర్ 192.168.1.150, పై రౌటర్ వ్యాన్ పోర్టులో వైరు పెట్టకూడదు.